డచ్ పద్ధతి సిగార్: ఆకు పదును నుంచి చెక్కపెట్టె దాకా చేతిపని ఎలా సాగేది?

ఆకుపాయ (ప్రశ్న):

నెదర్లాండ్స్‌లో సిగార్లు చేసే పాత పద్ధతి గురించి వివరంగా తెలిసినవాళ్లు చెప్పగలరా? డచ్ సిగార్ అనగానే మూడు మాటలు వినబడతాయి: పొడి సిగార్, తునకల కూర్పు, సుమాత్రా పైఆకు. ఈ మూడూ విడివిడి సంగతులా, లేక ఒకదాన్నిబట్టి ఒకటి వచ్చాయా అన్నది ఎక్కడా తేటగా దొరకడం లేదు.

క్యూబా సిగార్‌ని 65–70 శాతం తేమలో ఉంచకపోతే పాడవుతుంది. మరి డచ్ సిగార్ మామూలు చెక్కపెట్టెలో ఎలా నిలుస్తుంది? పొడవాటి ఆకులు మానేసి తునకలు వాడింది ఖర్చు తగ్గించుకోవడానికేనా? చేత్తో చేసేటప్పుడు పనుల వరస ఏమిటి, ఏ దశలో చేయి తప్పితే ఏమవుతుంది? పైఆకును ఎడమ సగం, కుడి సగం అని వేరు చేసి పెట్టేవారట, అదెందుకు? పరికరాల పేర్లు డచ్‌లోనే ఉన్నా ఫర్వాలేదు, అర్థం చెబితే చాలు.

పొగ వల్ల హాని అందరికీ తెలిసిందే కాబట్టి ఆ చర్చ ఇక్కడ వద్దండీ. చేతిపని గురించే మాట్లాడుకుందాం.


పదునాకు:

ఆకుపాయ గారూ, మీరు చెప్పిన మూడూ ఒకే సంగతి. డచ్ సిగార్ అంటే తేమ పోయి ఎండిపోయిన హవానా (క్యూబా) సిగార్ కాదు. మొదటి నుంచీ పొడిగా కాలడానికే కట్టిన వస్తువు. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా పనులన్నీ దాని వెంటే వస్తాయి.

ముందు పేర్లు. సిగార్‌లో మూడు పొరలు. లోపలి కూర్పుని డచ్‌లో బిన్నెన్‌ఖూట్ అంటారు, అంటే లోపలి సరుకు. దాన్ని పట్టి ఉంచే ఆకు ఓంబ్లాడ్. నేను కట్టాకు అంటాను. బయట కనబడేది డెక్‌బ్లాడ్, పైఆకు. కూర్పునీ కట్టాకునీ కలిపి చుట్టిన దాన్ని బోషె అంటారు. కింద దాన్ని కండె అని రాస్తాను.

మొదటి పని పదును పట్టడం. బేలులో నుంచి తీసిన ఆకు గాజులా పెళుసుగా ఉంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. పైఆకు కట్టను నీటిలో చటుక్కున ముంచి, లేదా మీద సన్నగా చల్లి, గట్టిగా విదిలిస్తారు. విదిలించకపోతే నీటిబొట్లు నిలిచిన చోట మచ్చలు పడతాయి. తర్వాత బట్ట కప్పి కొన్ని గంటలు, చాలాచోట్ల రాత్రంతా, అలా వదిలేస్తారు. తేమ ఆకంతా సమంగా పాకాలి. ఆకును వేలికి చుడితే చిట్లకూడదు, చేతికి తడి అంటకూడదు. అదే పదును.

ఇక్కడే పెద్ద తప్పు జరిగేది. పైఆకుకి కావలసిన పదును వేరు, లోపలి కూర్పుకి కావలసింది వేరు. పైఆకు తోలులా సాగాలి. కూర్పు మాత్రం పిడికిట్లో నొక్కి వదిలితే మళ్లీ విచ్చుకోవాలి. రెండింటికీ ఒకే తడి పెడితే లోపలి ఆకు తర్వాత ఆరి కుంచించుకుపోతుంది, పైఆకు వదులై ముడతలు పడుతుంది. మరీ పొడిగా ఉంటే చుట్టేటప్పుడే కూర్పు నలిగి పొడి అవుతుంది. ఆ పొడి పొగ దారిలో అడ్డుపడుతుంది.

రెండోది ఈనె తీయడం, స్ట్రిప్పెన్. ఆకు బరువులో దాదాపు నాలుగో వంతు నడిమి ఈనెదే. కొస దగ్గర ఈనెను వేళ్లతో పట్టి, ఆకును రెండో చేతి చుట్టూ తిప్పుతూ మొదలు వైపుకి ఒక్క లాగు లాగితే రెండు సగాలు విడిపోతాయి. పైఆకు విషయంలో ఎడమ సగాలు ఒక దొంతర, కుడి సగాలు ఇంకో దొంతర. కారణం కింద చెబుతాను. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ, చాలాసార్లు ఇళ్ల దగ్గరే చేసేవారు. 1874లో వచ్చిన చట్టం 12 ఏళ్ల లోపు పిల్లల్ని కర్మాగారంలో పెట్టకూడదంది. ఇంటి పని ఆ చట్టం చేతికి అందలేదు, కాబట్టి ఈనె తీసే పని ఇళ్లలో సాగుతూనే ఉంది. గాలి ఆడని గదుల్లో పొగాకు దుమ్ము పీల్చడం ఎంత కీడో వేరే చెప్పక్కరలేదు. సిగార్ పనివాళ్లలో క్షయ ఎక్కువగా కనబడేది.

మూడోది కూర్పు. జావా, బ్రెజిల్, హవానా ఆకుల్ని తునకలుగా చేసి కలుపుతారు. జావా వాసననిస్తుంది, బ్రెజిల్ బరువునీ తీపినీ, హవానా కారాన్నీ ఇస్తాయి. ఇది ఖర్చు తగ్గించే ఎత్తు మాత్రమే కాదండీ. పొడవాటి ఆకుతో చేస్తే ఒక సిగార్‌లో మూడు నాలుగు ఆకుల కంటే పట్టవు. ఏ ఆకు ఏ వైపు పడిందన్నదాన్నిబట్టి రుచి మారుతుంది. తునకలైతే ఎన్ని దేశాల ఆకునైనా తూకం వేసి కలపవచ్చు, మొదటి దమ్ము నుంచి చివరి దాకా ఒకే రుచి నిలుస్తుంది, ఈ ఏటి సరుకు కిందటేటి సరుకులా ఉంటుంది. సన్నని చిన్న సిగార్‌లో పొడవాటి ఆకు మడతలకి చోటే ఉండదు కూడా. ఖర్చు తగ్గిందన్నదీ నిజమే, నలిగిన ఆకు పారేయక్కరలేదు. కలిపే ముందు జల్లెడ పట్టి దుమ్ము తీసేయాలి. కలిపాక వెంటనే వాడకుండా కొన్ని వారాలు పెట్టెల్లో ఉంచితే తేమా వాసనా ఒకదానిలోకి ఒకటి ఇంకుతాయి.

నాలుగోది కండె. ఈనె తీసిన కట్టాకు సగం బల్లమీద పరిచి, గుప్పిట్లో ఒక సిగార్‌కి సరిపడా కూర్పు తీసుకుని నిలువుగా సర్దుతారు. తునకలు పొడుగు వెంట పడుకోవాలి. అడ్డంగా పడితే పొగ దారి మూసుకుంటుంది. గుప్పిట్లో ఎంత పట్టిందో చేతికే తెలియాలి. మంచి పనివాడి కండెలు యాభై తూచినా బరువు దాదాపు ఒకేలా వస్తుంది. చుట్టిన కండెను చెక్క అచ్చులో పెడతారు. అచ్చుకి పైదీ కిందదీ రెండు పలకలు, మామూలుగా కండెలు ఇమిడే 20 గాళ్లు. నిండాక మూత వేసి మర కింద బిగిస్తారు. కొంతసేపటికి తెరిచి, ప్రతి కండెనూ పావు చుట్టు తిప్పి మళ్లీ బిగించాలి. తిప్పకపోతే రెండు పలకలు కలిసే చోట కండె పొడుగునా గట్టులా గీత పడుతుంది, పైఆకు కిందనుంచి అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఐదోది పైఆకు చుట్టడం. అన్నిటికంటే నేర్పు కావలసింది ఇదే. సగం ఆకును నరాల వైపు పైకి ఉండేట్టు బల్లమీద పరిచి, కొద్దిగా వంపు తిరిగిన పట్టీగా కత్తితో కోస్తారు. చుట్టాక నునుపు వైపు బయటికీ, నరాల వైపు లోపలికీ వెళుతుంది. నిప్పు కొస నుంచి మొదలుపెట్టి, కండెను ఏటవాలుగా దొర్లిస్తూ, రెండో చేత్తో ఆకును సాగదీస్తూ నోటి కొస దాకా వెళతారు. ఆకు కొసభాగం నిప్పు వైపు, మొదలు భాగం నోటి వైపు రావాలి. చివర ట్రాగకాంత్ అనే మొక్క జిగురు చిటికెడు రాసి మూస్తారు. జిగురు ఎక్కువైతే ఆ చోట నల్లని మరక పడుతుంది.

ఎడమ, కుడి సంగతి ఇదీ: పక్క నరాలు నడిమి ఈనె నుంచి ఏటవాలుగా పోతాయి. ఎడమ సగాన్ని ఒక వైపుకి చుడితే ఆ నరాలు సిగార్ పొడుగు వెంట పడుకుంటాయి. అదే వైపుకి కుడి సగాన్ని చుడితే నరాలు ఉంగరాల్లా అడ్డంగా తిరుగుతాయి, చూపుకి వికారం, కాలేటప్పుడు తడబాటు. అందుకే ఎడమ సగాలు ఒక దిశలో, కుడి సగాలు దానికి ఎదురు దిశలో చుట్టాలి. దొంతరలు కలిసిపోతే పనివాడు ప్రతి ఆకునూ తిప్పి చూసుకుంటూ కూర్చోవాలి.

చుట్టాక నిప్పు కొసను కొలత ప్రకారం కోసి, ఆరబెట్టే గదికి పంపుతారు. ఈ ఆరబెట్టడంలోనే అది డచ్ సిగార్ అవుతుంది. చుట్టేందుకు పట్టిన పదునంతా నెమ్మదిగా బయటికి పోవాలి. తొందరపెడితే బయట ముందు ఆరి, లోపల తేమ నిలిచి, పైఆకు చిట్లుతుంది.


బేలుగుర్తు:

పదునాకు గారు పని వరస బాగా చెప్పారు. ఆకు సంగతి నేను కలుపుతాను. సుమాత్రా ఆకు దొరకకపోతే ఈ పద్ధతి ఇంత దూరం వచ్చేదే కాదు.

యాకోబ్ నీన్‌హౌస్ అనే డచ్ వ్యాపారి 1863లో సుమాత్రా తూర్పు తీరంలోని డెలికి వెళ్లి పొగాకు సాగు మొదలుపెట్టాడు. 1869లో డెలి మాత్స్‌ఖపై కంపెనీ ఏర్పడింది. అక్కడి ఆకు పెద్దది, పట్టులా పలచన, నరాలు సన్నం, రంగు లేతగోధుమ, రుచి మెత్తన. పైఆకుకి ఇంతకంటే ఏం కావాలి? దాని పలచదనం ఎంతంటే రెండు పౌండ్లు, అంటే కిలోకి కాస్త తక్కువ, ఆకుతో వెయ్యి సిగార్లకి పైచుట్టు వేయవచ్చని లెక్క. ఈ దెబ్బకి అమెరికా రైతులు గగ్గోలు పెట్టారు. 1890లో ఆ దేశం పైఆకు దిగుమతి మీద పౌండుకి 2 డాలర్ల సుంకం వేసింది.

ఆకు పలచగా ఉండటం పొడి సిగార్‌కి ఎందుకు ముఖ్యమంటే, మందపాటి నూనె ఆకు ఎండితే పెళుసై ఊడిపోతుంది. సుమాత్రా ఆకు బాగా సాగదీసి చుట్టడానికి లొంగుతుంది, ఆరాక కండెకి చర్మంలా అతుక్కుంటుంది. లోపలి కూర్పు రుచికి అడ్డురాదు.

మొక్క మీద ఆకు ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి. అన్నిటికంటే కిందది సాండ్‌బ్లాడ్, ఇసుకాకు. నేలకి దగ్గరగా ఉండి మట్టి అంటుకుంటుంది కాబట్టి ఆ పేరు. దాని పైన పాదపు ఆకు, ఆపైన నడిమి ఆకు, చివర తలాకు. పైకి పోయేకొద్దీ ఆకు మందం, ఘాటు పెరుగుతాయి. డచ్ పెట్టెల మీద సాండ్‌బ్లాడ్ అని గొప్పగా రాసుకునేది ఇందుకే. అన్నిట్లోకీ పలచనిది, మెత్తనిది.

డెలిలో కొత్తగా అడవి కొట్టిన నేలలో ఒక్క పంట వేసి, ఆ నేలను ఏడెనిమిదేళ్లు బీడు వదిలేసేవారు. కోసిన ఆకు కొట్టాల్లో ఆరాక పెద్ద కుప్పలుగా పేర్చి మాగవేసేవారు. కుప్ప నడిమిలో వేడి పుడుతుంది. అది 50 డిగ్రీల దరిదాపులకి వచ్చేసరికి కుప్ప విప్పి, లోపలిది బయటికీ బయటిది లోపలికీ మార్చి మళ్లీ పేర్చాలి. వేడి మించితే లేతరంగు పోయి ఆకు నల్లబడుతుంది. తక్కువైతే పచ్చివాసన, నాలుక మంట. తర్వాత పొడవునీ రంగునీబట్టి ఏరి, కట్టలు కట్టి, చాపలో చుట్టిన బేళ్లుగా ఓడెక్కించేవారు. ఒక్కో బేలు దాదాపు 80 కిలోలు.

ఇంకో మాట వదలకూడదు. ఆ తోటల్లో పనిచేసిన చైనీయులు, జావా వాళ్లు, భారతదేశం నుంచి వెళ్లినవాళ్లు ఒప్పంద కూలీలు. పని వదిలి పారిపోతే జైలుశిక్ష వేసే వీలు 1880 నాటి కూలీ చట్టంలోనే ఉంది. 1902లో సుమాత్రాలోని మేదాన్‌కి చెందిన ఒక డచ్ న్యాయవాది ఆ దౌర్జన్యాన్ని బయటపెట్టాకే ప్రభుత్వం విచారణ జరిపించింది. ఆకు అందం గురించి రాసేవాళ్లు ఈ పుటను చించేయడం న్యాయం కాదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ ఆకు అమ్మకం నెస్ వీధిలోని ఫ్రాస్కాతి భవనంలో జరిగేది. నోటితో పాడుకునే వేలం కాదు. కొనుగోలుదార్లు ముందే నమూనాలు చూసి, ధర కాగితం మీద రాసి మూసి ఇచ్చేవారు. నమూనా చూడటమంటే రంగు, సాగుడు, వాసనతోపాటు కాలే తీరు కూడా. ఆకుకి నిప్పురవ్వ అంటించి, మంట లేకుండా ఆ నిప్పు ఎంత దూరం సమంగా పాకుతుందో గమనిస్తారు. పొటాషియం ఎక్కువున్న ఆకులో నిప్పు చక్కగా పాకుతుంది. క్లోరైడ్ ఎక్కువైతే ఆరిపోతూ ఉంటుంది. ఎంత నేర్పుతో చుట్టినా ఈ లోపం సరికాదు.

ఇండోనేషియా డచ్ తోటల్ని జాతీయం చేశాక 1959లో అమ్మకాలు జర్మనీలోని బ్రేమెన్‌కి తరలిపోయాయి. ఫ్రాస్కాతి ఇప్పుడు నాటకశాల.

జావా ఆకు గురించి ఒక్క మాట. జెంబెర్ చుట్టుపక్కల బెసుకి ప్రాంతం, మధ్య జావాలో వోర్‌స్టెన్‌లాండెన్ ప్రాంతం దీనికి పేరు పొందాయి. బెసుకి ఆకు పక్కన నా-ఓహ్‌స్ట్ అని ఉంటే వరి కోతల తర్వాతి పంట అని అర్థం. కట్టాకుకీ కూర్పుకీ దాన్నే ఎక్కువ వాడారు.


ఆకుపాయ:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎడమ, కుడి నరాల లెక్క ఇప్పుడు అర్థమైంది. ఇంకో రెండు అనుమానాలు. అచ్చులో ఎంతసేపు బిగించాలి? తర్వాత, పూర్తయిన సిగార్ రెండు మూడు రోజుల్లో నిలువుగా చిట్లడం, ఒక వైపే కాలిపోవడం, నడిమిలో సొరంగంలా కాలడం, ఈ మూడింటికీ కారణం ఒకటేనా?


చెక్కఅచ్చు:

ఒకటి కాదండీ. ఒక్కోదాని తప్పు ఒక్కో బల్ల దగ్గర జరుగుతుంది, కాబట్టి వేరువేరుగా చూడాలి.

ముందు అచ్చు. అరగంట బిగించి, తిప్పి, మరో అరగంట అన్నది మామూలు కొలత. గడియారం కంటే కూర్పు పదునే ముఖ్యం. కాస్త తడిగా ఉన్న కూర్పు త్వరగా ఆకారం పడుతుంది, కాని ఆరాక కుంచించుకుని అచ్చు కొలత కంటే సన్నబడుతుంది. పొడిగా ఉన్నది ఎంతసేపు ఉంచినా బయటికి తీయగానే ఉబ్బుతుంది. అప్పుడు మర ఇంకా బిగిస్తారు, తునకలు నలుగుతాయి, పొగ ఆడదు. బిగువు పెంచడం ఎప్పుడూ మందు కాదు. గాడిలో కండె పట్టడం లేదంటే గుప్పిట్లో కూర్పు ఎక్కువ తీసుకున్నారన్నమాట. అచ్చు చెక్క కూడా పాతబడేకొద్దీ అరుగుతుంది, నడిమి గాళ్లు ఒక కొలత, అంచు గాళ్లు ఇంకో కొలత అవుతాయి. ఒకే అచ్చులోని ఇరవై కండెల్లో ఎప్పుడూ అవే నాలుగు తేడాగా వస్తున్నాయంటే పనివాడిని అనకండి, అచ్చును కొలవండి.

నిలువుగా చిట్లడం: లోపలి తేమ పైఆకు తేమ కంటే ఎక్కువగా ఉండి, పైది ముందు ఆరిందన్నమాట. ఆరిన పైఆకు బిగుసుకుంటుంది, లోపల ఇంకా లావుగానే ఉంటుంది, ఎక్కడో ఒకచోట పగలాలి. లేదా చుట్టేటప్పుడు ఆకును దాని ఓపిక మించి సాగదీశారు. రెంటికీ తేడా గుర్తుపట్టడం తేలికే. తేమ తేడా అయితే పగులు లావైన చోట, నడుము దగ్గర వస్తుంది. అతిగా సాగదీస్తే చుట్టు అంచు వెంట, నరం పక్కన చీలుతుంది. ఈనె ముక్క లోపల మిగిలిపోయినా గుచ్చుకుని చిల్లు పడుతుంది, కాని అది చుక్కలా ఉంటుంది, గీతలా కాదు.

ఒక వైపే కాలడం: గుప్పిట్లో కూర్పు ఒక పక్కకి ఒరిగింది, ఆ పక్క గట్టి, రెండో పక్క వదులు. వదులున్న వైపు గాలి ఎక్కువ పోయి త్వరగా కాలుతుంది. కట్టాకు అంచు ఒక పక్క రెండు మడతలుగా పడినా ఇదే తంతు. కట్టాకు వెడల్పు సరిపోయేంతకే కోయాలి.

సొరంగంలా కాలడం దీనికి పూర్తిగా వేరు. నడిమి కూర్పు కాలుతూ పోతుంది, చుట్టూ ఉన్న ఆకులు కాలడానికి మొరాయిస్తాయి. కట్టాకు గానీ పైఆకు గానీ కాలే గుణం తక్కువదైనప్పుడు, లేదా వాటిలో తడి మిగిలినప్పుడు ఇలా అవుతుంది. నిప్పు వెనక నల్లని వెడల్పాటి ఉంగరం కనబడితే అనుమానం అటే పోవాలి. కట్టాకు అంటే ఎవరూ చూడని పొర అని నాసిరకం ఆకు వేయడం ఈ పనిలో అన్నిటికంటే చెడ్డ పొదుపు. కాలే తీరు నిలబెట్టేది కట్టాకే.

పొగ ఆడకపోవడానికి డచ్ సిగార్‌లో దుమ్ము మొదటి అనుమానం. తునకల కూర్పు పెట్టె అడుక్కి వచ్చేసరికి పొడి ఎక్కువవుతుంది. రోజు చివర చేసిన కండెలే బిగుసుకుంటున్నాయంటే పెట్టె అడుగు మళ్లీ జల్లెడ పట్టాలి.

ఆకారాల సంగతి ఎవరూ ఎత్తలేదు. డచ్ వాళ్లకి బాగా ఇష్టమైనవి రెండు. టౌట్‌క్నాక్ నిలువుగా వచ్చి నోటి దగ్గర కూజా ముక్కులా సన్నబడుతుంది. టౌట్ అంటే ముక్కే. బోల్‌క్నాక్ నడుము ఉబ్బి రెండు కొసలా సన్నబడుతుంది. బోల్‌క్నాక్ చేయడం కష్టం. నడుము దగ్గర పైఆకు చుట్లు వెడల్పుగా పోవాలి, కొసల దగ్గర దగ్గరగా రావాలి. పట్టీ వంపు సరిగా కోయకపోతే కొసలో ఆకు కుచ్చులు పడుతుంది. దాని నిప్పు కొస సన్నం కాబట్టి అక్కడ కూర్పు గట్టిగా దట్టిస్తే వెలిగించడమే కష్టమవుతుంది.

ఆరాక రంగు ఏరడం ఇంకో విద్య. ఉత్తరం కిటికీ వెలుతురులో, ఎండ నేరుగా పడకుండా, పరిచి చూసి రంగు మెట్లుగా వేరు చేస్తారు. పెట్టె మూత తీయగానే పై వరస అంతా ఒకే ఛాయలో ఉండాలి.


మరబాబిన్:

యంత్రాల భాగం నేను చెబుతాను. ఇవాళ డచ్ సిగార్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం యంత్రం మీద తయారైనవే. అయినా యంత్రం పాత బల్ల పనినే అనుసరిస్తుంది. కండె ఒక యంత్రంలో అవుతుంది. పైఆకుని చిల్లులున్న పళ్లెం మీద మనిషి చేత్తో పరుస్తుంది. గాలి లాగుడుతో ఆకు దానికి అతుక్కుంటుంది, చుట్టూ ఉన్న కత్తి పట్టీ ఆకారం కోస్తుంది. చిల్లు, మచ్చ, ముదురు నరం తప్పించి ఆకును ఎక్కడ పరచాలో నిర్ణయించేది ఇంకా మనిషి కన్నే. తర్వాత ఈ రెండు పనుల్నీ విడదీశారు. కోసిన పట్టీల్ని ఒక పొడవాటి బట్ట మడతల మధ్య వరసగా పేర్చి బాబిన్‌గా చుట్టి, చుట్టే యంత్రం ఉన్న దేశానికి పంపుతారు. ఆకు పరిచే పని శ్రీలంక, డొమినికన్ రిపబ్లిక్ వంటి చోట్లకి పోయింది అందుకే. ఎడమ, కుడి తేడా ఇక్కడా తప్పదు, ఎడమ బాబిన్, కుడి బాబిన్ వేరు.

పెద్ద మార్పు కట్టాకులో వచ్చింది. పొగాకు పొడి, ఈనెలు మెత్తగా నూరి, నీటిలో కలిపి, సెల్యులోజ్ నారా జిగురూ చేర్చి, ఉక్కు పట్టీ మీద పలచగా పోసి ఆరబెడితే కాగితంలా చుట్ట వస్తుంది. యంత్రానికి ఇది వరం, వెడల్పు ఒకటే, చిరగదు. రుచికి మాత్రం తేడా పడుతుంది, కాలేటప్పుడు కాగితపు వాసన పట్టేవాళ్లు వెంటనే పడతారు. డచ్ పెట్టె మీద 100 శాతం టబాక్ అని ఉంటే మూడు పొరలూ అసలు ఆకే అని అర్థం. ఈ తేడా చట్టంలోనూ ఉంది. ఐరోపా సమాఖ్య 2011 నాటి పొగాకు సుంకం నిబంధన ప్రకారం, పైపొర ఇలా తిరగపోసిన పొగాకుతో చేసినదైతే దాన్ని సిగార్‌గా లెక్కించాలంటే బరువు 2.3 గ్రాములకి తగ్గకూడదు, 10 గ్రాములు దాటకూడదు, పొడవులో కనీసం మూడో వంతు దాకా చుట్టుకొలత 34 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. అసలు ఆకు పైపొర ఉన్నదానికి ఈ కొలతలు లేవు.

ఊళ్ల గురించి కొంచెం. ఐండ్‌హోవెన్, వాల్కెన్స్‌వార్డ్, డౌజెల్, ఏర్సెల్ అన్నీ దక్షిణాన బ్రబాంట్ ప్రాంతంలో ఒకదానికొకటి దగ్గర. ఇసుక నేలలు, బక్క పంటలు, తక్కువ కూలికి దొరికే మనుషులు. పెద్ద పెట్టుబడి అక్కరలేని చేతిపని అక్కడ వేళ్లూనింది. ఉత్తరాన కాంపెన్, మధ్యలో వేనెన్‌డాల్ కూడా సిగార్ ఊళ్లే. రిట్‌మేస్టర్ 1887లో వేనెన్‌డాల్‌లో పుట్టింది. ఆహియో 1904లో డౌజెల్‌లో మొదలై 2020లో స్కాండినేవియన్ టొబాకో గ్రూప్ చేతికి వెళ్లింది. ఐండ్‌హోవెన్‌లో ‘మొదటి కారెల్’ (Karel I) అనే పేరుతో సిగార్లు చేసిన హెన్రి వాన్ అబె డబ్బుతో కట్టిన కళా మ్యూజియం 1936లో తెరిచారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

నిల్వ సంగతి: పూర్తిగా ఆరిన డచ్ సిగార్‌ని క్యూబా సిగార్లతో కలిపి 70 శాతం తేమ పెట్టెలో పెట్టకండి. తునకల కూర్పు తేమను గబగబా పీల్చి ఉబ్బుతుంది. ఇప్పటికే సాగదీసి ఉన్న పలచని పైఆకు ఆ ఉబ్బుకి ఆగలేక చీలుతుంది. 50–60 శాతం మధ్య, 18 డిగ్రీల దగ్గర, ఎండ తగలని చోట, అదే దేవదారు పెట్టెలో ఉంచితే ఏళ్లు నిలుస్తుంది. కర్పూరం, మసాలా, సబ్బు పక్కన పెట్టవద్దు, వాసన లాగేస్తుంది. సూదిపోటు లాంటి గుండ్రని చిల్లులు, అడుగున సన్నని పొడి కనబడితే అది పొగాకు పురుగు. పెట్టెని గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో ఒక రోజు, ఆపైన బయట, ఇలా మెట్లుమెట్లుగా మామూలు వేడికి తేవాలి. ఒక్కసారిగా బయట పెడితే నీరు పట్టి పైఆకు మచ్చలు పడుతుంది.


పదునాకు:

చెక్కఅచ్చు గారు చెప్పిన కట్టాకు మాటకి నా ఓటు కూడా. నేను పైన దాని గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టాను, అది పొరపాటే. చేత్తో చేసేటప్పుడు కట్టాకుకి చిన్న చిల్లు ఉన్నా ఫర్వాలేదు, మచ్చ ఉన్నా ఫర్వాలేదు, కాని నిప్పురవ్వ పరీక్షలో తప్పిన ఆకు మాత్రం బల్ల మీదికి రానివ్వకూడదు.

బేలుగుర్తు గారిని ఒకటి అడగాలి. ఇసుకాకుకి అంటిన మట్టి మాగవేసే ముందే దులుపుతారా, తర్వాతా?


బేలుగుర్తు:

ఎక్కువ భాగం ఆరిన తర్వాత, కట్టలు విప్పి ఏరేటప్పుడు మెత్తని బ్రష్‌తో. తడి ఆకును రుద్దితే ఇసుక గీతలు పడి పైఆకుకి పనికిరాకుండా పోతుంది. కర్మాగారంలో ఈనె తీసే ముందు మరోసారి దులపడం మంచిది. మిగిలిన ఇసుక పళ్ల కింద కరకరమంటుంది, కోసే కత్తి మొండి చేస్తుంది.


ఆకుపాయ:

చివరిగా చిన్నది. కాగితపు ఉంగరం, ఆ రంగుల బ్యాండు, పైఆకుకి అతికిస్తారా?


మరబాబిన్:

లేదు. ఉంగరం రెండు కొసలూ ఒకదానికొకటి అతకాలి, ఆకుకి కాదు. జిగురు బయటికి పొంగితే ఉంగరం తీసేటప్పుడు పైఆకు చీలిపోతుంది. ఆరకముందే తొడిగినా తప్పే, ఆరి సన్నబడ్డాక ఉంగరం జారిపోతుంది. అందుకే ఉంగరం ఎప్పుడూ రంగు ఏరడం పూర్తయ్యాక, పెట్టెలో సర్దే ముందు తొడుగుతారు. రాతి అచ్చు మీద అనేక రంగుల్లో, బంగారు పూతతో ముద్రించేవారు వాటిని. 1950లలో నెదర్లాండ్స్ పిల్లలు పుస్తకాల్లో అతికించి దాచుకున్నవి అవే. పాత ఉంగరాల సేకరణలో వెనక జిగురు మరక ఒక కొస మీదే ఉంటే అది పద్ధతిగా తొడిగి తీసినది. మధ్యలో కూడా మరక ఉంటే పనివాడు తొందరలో ఆకుకే అంటించేశాడని తెలుస్తుంది.